యూనిట్ 6: చిన్న పెట్రోల్ కారు ఇంజన్ – సాంకేతిక వివరాలు, సాధారణ లోపాలు

6.0 లక్ష్యాలు

ఈ యూనిట్‌ను చదివిన తరవాత మీరు:
• ఇంజన్ సాంకేతిక వివరాల పట్టికలోని అంకెలను అర్థం చేసుకుని, వాటితో సులభమైన లెక్కలు చేయగలుగుతారు.
• ఆ అంకెలకూ, నిర్మాణానికీ, ఇంజన్‌లో తరచుగా వచ్చే లోపాలకూ ఉన్న సంబంధాన్ని వివరించగలుగుతారు.
• లక్షణాలను బట్టి లోపం ఎక్కడుందో క్రమపద్ధతిలో గుర్తించగలుగుతారు.

6.1 ఉపోద్ఘాతం

కారు కొనేటప్పుడు బోర్, స్ట్రోక్, సీసీ, టార్క్ వంటి అంకెలను చాలామంది ఒకసారి చూసి మరిచిపోతారు. నిజానికి ఇంజన్‌పై భారం ఎక్కడ పడుతుందో, ఏ భాగం ముందుగా దెబ్బతినే అవకాశం ఉందో కూడా ఆ వివరాల నుంచే తెలుసుకోవచ్చు.

ఈ యూనిట్‌లో మారుతి 800 ఇంజన్‌ను ఉదాహరణగా తీసుకుందాం. సుజుకి సంస్థ రూపొందించిన ఈ 796 సీసీ ఇంజన్‌కు ఎఫ్8బి అని పేరు. ఈ కారు ఉత్పత్తి 1983 డిసెంబరులో గుర్‌గావ్‌లో మొదలై 2014 జనవరిలో ఆగిపోయింది. 2010 ఏప్రిల్ నుంచి హైదరాబాద్‌తో సహా 13 నగరాల్లో భారత్ స్టేజ్ 4 కాలుష్య నిబంధనలు అమలులోకి రావడంతో ఆ నగరాల్లో దీని అమ్మకాలు ముందుగానే నిలిచాయి. నిర్మాణం సరళంగా ఉంటుంది కనుక ఇంజన్ సూత్రాలను నేర్చుకోవడానికి ఇది అనువైనది.

6.2 సాంకేతిక వివరాలు

సిలిండర్లు: ఒకే వరుసలో 3
బోర్: 68.5 మి.మీ.
స్ట్రోక్: 72 మి.మీ.
ఘనపరిమాణం: 796 సీసీ
వాల్వులు: సిలిండరుకు 2, మొత్తం 6
కామ్‌షాఫ్ట్: హెడ్‌పై ఒకటి, టైమింగ్ బెల్టుతో తిరుగుతుంది
బ్లాక్: పోత ఇనుము, హెడ్: అల్యూమినియం మిశ్రమం
గరిష్ఠ శక్తి (ఎంపీఎఫ్ఐ రకం): 5000 ఆర్‌పీఎం వద్ద 37 హెచ్‌పీ
గరిష్ఠ టార్క్ (ఎంపీఎఫ్ఐ రకం): 2500 ఆర్‌పీఎం వద్ద 59 న్యూటన్ మీటర్లు

6.2.1 ఘనపరిమాణం

సిలిండర్ వ్యాసం బోర్; పిస్టన్ పైనుంచి కిందికి కదిలే దూరం స్ట్రోక్. బోర్ 6.85 సెం.మీ. కనుక సిలిండర్ అడ్డుకోత వైశాల్యం 36.85 చదరపు సెం.మీ. దానిని 7.2 సెం.మీ. స్ట్రోక్‌తో గుణిస్తే ఒక్కొక్క సిలిండరుకు సుమారు 265.3 సీసీ వస్తుంది. మూడింటికీ కలిపి 796 సీసీ.

పిస్టన్ పూర్తిగా పైకి వచ్చినప్పుడు దానిపైన మిగిలే ఖాళీ దహన గది. సంపీడన నిష్పత్తి 9:1 అనుకుంటే ఆ గది 265.3 ÷ 8, అంటే సుమారు 33 సీసీ మాత్రమే. ఇంత చిన్న చోట మసి కొద్దిగా పేరుకున్నా సంపీడన నిష్పత్తి పెరిగి, ఇంజన్ 'నాకింగ్' చేసే అవకాశం ఎక్కువవుతుంది.

6.2.2 శక్తి, టార్క్

శక్తి = 2 × 3.14 × టార్క్ × నిమిషానికి భ్రమణాలు ÷ 60. ఈ సూత్రం ప్రకారం 2500 ఆర్‌పీఎం వద్ద 59 న్యూటన్ మీటర్ల టార్క్ ఇచ్చే శక్తి సుమారు 15.4 కిలోవాట్లు. 5000 ఆర్‌పీఎం వద్ద శక్తి 37 హెచ్‌పీ, అంటే సుమారు 27.5 కిలోవాట్లు. అప్పటి టార్క్‌ను లెక్కిస్తే సుమారు 53 న్యూటన్ మీటర్లే వస్తుంది. టార్క్ కొంత తగ్గినా, వేగం రెట్టింపు కావడం వల్ల శక్తి పెరిగిందన్నమాట.

దీని నుంచి డ్రైవరుకు ఒక పాఠం ఉంది. నలుగురు ఎక్కిన కారును ఎత్తుమీద నాలుగో గేరులో, 2500 ఆర్‌పీఎం కంటే బాగా తక్కువ వేగంలో లాగిస్తే ఇంజన్ గింజుకుంటుంది. నాకింగ్ వస్తుంది, బేరింగులపై, పిస్టన్లపై భారం పెరుగుతుంది. అటువంటప్పుడు గేరు తగ్గించడమే సరైన పని. పెట్రోలు ఆదా అవుతుందని పై గేరులోనే లాగించడం పొదుపు కాదు.

6.2.3 మూడు సిలిండర్ల అమరిక

నాలుగు స్ట్రోకుల ఇంజన్‌లో ఒక చక్రం పూర్తి కావడానికి క్రాంక్‌షాఫ్ట్ రెండుసార్లు, అంటే 720 డిగ్రీలు తిరగాలి. సిలిండర్లు మూడు కనుక ప్రతి 240 డిగ్రీలకు ఒకసారి మాత్రమే దహనం జరుగుతుంది. నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో ఇది 180 డిగ్రీలకు ఒకసారి. అందుకే ఐడ్లింగ్‌లో ఈ ఇంజన్ కొంత ఎక్కువగా అదురుతుంది. ఆ అదురును ఇంజన్ మౌంటింగుల్లోని రబ్బరు పీల్చుకుంటుంది. రబ్బరు పాతబడి గట్టిపడితే అదురు స్టీరింగుకూ, సీట్లకూ తెలుస్తుంది. ఇంజన్ విప్పాలనే నిర్ణయానికి వచ్చే ముందు మౌంటింగులను చూడాలి.

6.3 సాధారణ లోపాలు

6.3.1 వేడెక్కడం

చిన్న ఇంజన్లను పనికిరాకుండా చేసే లోపాల్లో ఇది ముఖ్యమైనది. కారణం నిర్మాణంలోనే ఉంది. వేడికి అల్యూమినియం ఇనుము కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. 30 సెం.మీ. పొడవున్న ముక్కలను 80 డిగ్రీల మేర వేడి చేస్తే అల్యూమినియం సుమారు 0.55 మి.మీ., పోత ఇనుము సుమారు 0.26 మి.మీ. పెరుగుతాయి. మామూలు ఉష్ణోగ్రతలో ఈ తేడాను హెడ్ గాస్కెట్ తట్టుకుంటుంది. హద్దు మీరి వేడెక్కితే హెడ్ వంగుతుంది, గాస్కెట్ కాలిపోతుంది. అప్పుడు నీరు సిలిండర్లలోకో ఆయిల్‌లోకో చేరుతుంది. పగిలిన చిన్న రబ్బరు గొట్టంతో మొదలైన లోపం ఇంజన్ మొత్తం విప్పేదాకా వెళ్లే తీరు ఇది.

ఈ కారులో ఇంజన్‌ను అడ్డంగా అమర్చారు. రేడియేటర్ ఫ్యాన్ కరెంటు మోటారుతో తిరుగుతుంది. కనుక వేడెక్కే సందర్భాన్ని బట్టి లోపాన్ని ఊహించవచ్చు. ట్రాఫిక్‌లో వేడెక్కి, రోడ్డెక్కి వేగం అందుకోగానే చల్లబడితే ఫ్యాన్‌ను, దాని స్విచ్‌ను, ఫ్యూజును అనుమానించాలి. వేగంగా వెళుతున్నప్పుడే వేడెక్కితే రేడియేటర్ పూడిక, నీటి పంపు, కూలంట్ తగ్గుదల ప్రధాన అనుమానాలు.

మన ప్రాంతంలో చాలామంది రేడియేటర్‌లో బోరు నీళ్లు పోస్తారు. కఠిన జలాన్ని వేడి చేస్తే కాల్షియం, మెగ్నీషియం లవణాలు గిన్నె అడుగున తెల్లటి పొరగా పేరుకోవడం మీరు వంటింట్లో చూసే ఉంటారు. రేడియేటర్ సన్నని గొట్టాల్లోనూ అదే జరుగుతుంది. ఆ పొర వేడిని సులభంగా పోనివ్వదు. శుద్ధజలంలో తగిన పాళ్లలో కలిపిన కూలంట్‌నే వాడాలి. దానిలోని రసాయనాలు తుప్పును కూడా అడ్డుకుంటాయి.

వేసవిలో థర్మోస్టాట్‌ను తీసివేయించడం మరొక అలవాటు. తీసేస్తే ఇంజన్ చల్లగా ఉంటుందని నమ్మకం. నిజానికి థర్మోస్టాట్ పని ఇంజన్‌ను త్వరగా తగిన ఉష్ణోగ్రతకు తెచ్చి అక్కడే నిలపడం. అది లేకపోతే ఇంజన్ చాలాసేపు చల్లగానే నడుస్తుంది. ఎంపీఎఫ్ఐ ఇంజన్‌లో కంప్యూటర్ ఇంకా వేడెక్కలేదని భావించి ఎక్కువ పెట్రోలు పంపుతుంది. మండని పెట్రోలు ఆయిల్‌లో కలిసి దానిని పలచబరుస్తుంది, సిలిండర్లు అరుగుతాయి. పైగా వేడెక్కడానికి అసలు కారణమైన పూడిక అలాగే ఉండిపోతుంది.

హెచ్చరిక: ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీయకూడదు. మూత 0.9 బార్ అదనపు పీడనాన్ని నిలిపితే నీరు 118 డిగ్రీల దగ్గర గానీ మరగదు. మూత తీయగానే పీడనం పడిపోయి నీరు ఒక్కసారిగా ఆవిరై ముఖంపైకి చిమ్ముతుంది. ఉష్ణోగ్రత ముల్లు పైకి పోతే బండి పక్కకు ఆపి, ఇంజన్ కట్టేసి, పూర్తిగా చల్లారే వరకు ఆగాలి. వేడి ఇంజన్‌లో చన్నీళ్లు పోసినా హెడ్ పగిలే ప్రమాదం ఉంది.

6.3.2 ఆయిల్ ఖర్చు, పొగ

ఈ ఇంజన్‌లో పట్టే ఆయిల్ సుమారు మూడు లీటర్లు. అర లీటరు తగ్గిందంటే ఆరో వంతు పోయినట్టే. కనుక డిప్‌స్టిక్‌ను వారానికోసారి చూడటం అవసరం. ఆయిల్ దీపం వెలిగే వరకు ఆగకూడదు; అది వెలిగేది ఆయిల్ పీడనం పడిపోయాకే.

పొగ రంగు లోపాన్ని తెలుపుతుంది. ఉదయం స్టార్ట్ చేయగానే కాసేపు నీలిపొగ వచ్చి ఆగిపోతే వాల్వ్ సీళ్లు గట్టిపడి ఉండవచ్చు. యాక్సిలరేటర్ నొక్కినప్పుడల్లా నీలిపొగ వస్తే పిస్టన్ రింగులు అరిగి ఉండవచ్చు. నల్లపొగ పెట్రోలు ఎక్కువైందనడానికి గుర్తు. ఇంజన్ వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోతే, కూలంట్ కూడా తగ్గుతుంటే హెడ్ గాస్కెట్‌ను అనుమానించాలి. చలికాలం ఉదయం కాసేపు కనిపించే ఆవిరి లోపం కాదు.

6.3.3 టైమింగ్ బెల్టు

క్రాంక్‌షాఫ్ట్ రెండుసార్లు తిరిగితే కామ్‌షాఫ్ట్ ఒకసారి తిరగాలి. ఈ లెక్కను తప్పకుండా కాపాడేది పళ్లున్న రబ్బరు బెల్టు. అది తెగేముందు చాలాసార్లు శబ్దం గాని, హెచ్చరిక గాని ఉండదు. నడుస్తున్న ఇంజన్ ఒక్కసారిగా ఆగిపోతుంది. బెల్టుపై ఆయిల్ కారితే రబ్బరు త్వరగా పాడవుతుంది. కంపెనీ పుస్తకంలో చెప్పిన గడువుకు, పైకి బాగానే కనిపించినా, దీనిని మార్చాలి.

6.3.4 ఇంధనం, ఇగ్నిషన్

తొలి కార్లలో కార్బురేటర్ ఉండేది. పెట్రోలులోని మడ్డి సన్నని జెట్లలో అడ్డుపడితే ఐడ్లింగ్ నిలవదు, పికప్ తగ్గుతుంది. తరవాత వచ్చిన ఎంపీఎఫ్ఐలో ఇంజెక్టర్లు, సెన్సార్లు ఆ పని చేస్తాయి. రెండు రకాల్లోనూ ఒక సిలిండర్ మండకపోతే శక్తిలో దాదాపు మూడో వంతు పోతుంది. నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో పోయేది నాలుగో వంతే. కెటాలిటిక్ కన్వర్టర్ ఉన్న కారును ఆ స్థితిలో నడిపితే మండని పెట్రోలు కన్వర్టర్‌లోకి చేరి మండుతుంది. ఖరీదైన ఆ భాగం కరిగిపోతుంది. స్పార్క్ ప్లగ్‌ను సకాలంలో మార్చడం దానితో పోలిస్తే చాలా చౌక.

6.4 లోపాన్ని గుర్తించే క్రమం

1. లోపం ఎప్పుడు వస్తుందో ముందు అడిగి తెలుసుకోవాలి: చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా, ట్రాఫిక్‌లోనా, ఎత్తు ఎక్కేటప్పుడా?
2. విప్పకుండా చూడగలిగినవి చూడాలి: ఆయిల్, కూలంట్, బెల్టులు, గొట్టాలు, వైర్లు.
3. స్పార్క్ ప్లగ్‌లు తీసి, వాటి రంగులను పోల్చాలి.
4. కంప్రెషన్ పరీక్ష చేయాలి. మూడు సిలిండర్లలో ఒకదానిలో పీడనం బాగా తక్కువగా ఉంటే అందులో కొద్దిగా ఆయిల్ పోసి మళ్లీ చూడాలి. పీడనం పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు లేదా గాస్కెట్ కారణం కావచ్చు.
5. ఇవన్నీ పూర్తయ్యాకే ఇంజన్ విప్పాలి.

6.5 సారాంశం

బోర్, స్ట్రోక్‌ల నుంచి ఘనపరిమాణాన్ని, టార్క్, వేగాల నుంచి శక్తిని లెక్కించవచ్చని తెలుసుకున్నాం. ఇనుప బ్లాక్‌పై అల్యూమినియం హెడ్, మూడు సిలిండర్లు, తక్కువ ఆయిల్, రబ్బరు బెల్టు అనే నాలుగు నిర్మాణ లక్షణాలే ఈ ఇంజన్‌లో జాగ్రత్త పడవలసిన నాలుగు చోట్లు. పెద్ద మరమ్మతుల్లో చాలావరకు కూలంట్, ఆయిల్, బెల్టు విషయంలో చేసిన చిన్న అశ్రద్ధతోనే మొదలవుతాయి.

6.6 మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. బోర్ 70 మి.మీ., స్ట్రోక్ 70 మి.మీ., సిలిండర్లు 3 అయితే ఘనపరిమాణం ఎంత?
2. ట్రాఫిక్‌లో మాత్రమే వేడెక్కే కారులో ముందుగా దేన్ని పరిశీలిస్తారు? ఎందుకు?
3. థర్మోస్టాట్‌ను తీసివేయడం వల్ల కలిగే నష్టాలు ఏవి?

సమాధానాలు: 1) సుమారు 808 సీసీ. 2) రేడియేటర్ ఫ్యాన్, దాని స్విచ్, ఫ్యూజు, బండి నెమ్మదిగా కదిలేటప్పుడు గాలి వీచేది ఫ్యాన్ ఒక్కటే. 3) 6.3.1 చూడండి.

6.7 నమూనా పరీక్షా ప్రశ్నలు

1. చిన్న పెట్రోల్ ఇంజన్ వేడెక్కడానికి కారణాలను, దాని ఫలితాలను వివరించండి.
2. పొగ రంగును బట్టి లోపాన్ని గుర్తించే విధానాన్ని తెలపండి.
3. మీ ఊళ్లోని మెకానిక్ షెడ్డులో ఒక ఇంజన్ మరమ్మతును పరిశీలించి, లోపం, లక్షణం, మూలకారణం అనే శీర్షికల కింద నివేదిక రాయండి.