యెన్ అప్పు, డాలర్ వడ్డీ

2024 ఆగస్టు 5న టోక్యో స్టాక్ మార్కెట్ సూచీ నిక్కీ ఒక్క రోజులోనే 4,451 పాయింట్లు కుప్పకూలింది. అంటే 12.4 శాతం. 1987 తర్వాత అంతటి పతనం లేదు. అమెరికా ఉద్యోగాల లెక్కలు నిరాశపరచడం ఒక కారణమైతే, జపాన్ కేంద్ర బ్యాంకు జులై 31న వడ్డీ పెంచడం మరొకటి. ఆ పెంపూ పెద్దదేం కాదు. 0–0.1 శాతం మధ్య ఉన్న రేటును 0.25 శాతం చేసింది, అంతే.

అదే సమయంలో అమెరికా ఫెడరల్ రిజర్వ్ రేటు 5.25–5.50 శాతం. ఇంత తేడా ఉంటే, చవకగా దొరికే యెన్లను అప్పు తెచ్చి, డాలర్లుగా మార్చి, అమెరికాలో మదుపు చేసేవాళ్లు ఊరుకోరు. దీన్నే క్యారీ ట్రేడ్ అంటారు.

లెక్క వేసి చూద్దాం. కోటి యెన్లను 0.1 శాతం వడ్డీకి తెచ్చారనుకుందాం. డాలర్‌ ధర 150 యెన్లయితే చేతికొచ్చేది సుమారు 66,667 డాలర్లు. 5 శాతం వడ్డీతో ఏడాదికి అవి 70,000 అవుతాయి. మారకం ధర కదలకపోతే అప్పు తీర్చాక 4.9 లక్షల యెన్లు మిగులుతాయి. డాలర్ 143కు దిగితే ఏమీ మిగలదు. 142 అయితే 70 వేల యెన్లు ఎదురు కట్టుకోవాలి.

ఆ 143 యాదృచ్ఛికం కాదు. ఏడాది తర్వాతి మారకానికి ఇవాళే ధర ఖాయం చేసుకునే ఫార్వర్డ్ ఒప్పందంలో బ్యాంకులు చెప్పే ధర దాదాపు అదే. వడ్డీలో వచ్చే లాభం మారకంలో పోయేలా ఆ ధర కుదురుతుందని ఆర్థికవేత్త కీన్స్ 1923లోనే వివరించాడు. కాబట్టి ఫార్వర్డ్ రక్షణ తీసుకోనివాళ్లకే క్యారీ ట్రేడ్‌లో లాభం. నష్టం వచ్చినా వాళ్లకే.

అందరూ యెన్లు అమ్మి డాలర్లు కొంటుంటే యెన్ ఇంకా పడిపోతుంది, లాభం ఇంకా పెరుగుతుంది. 2024 జులై మొదట్లో డాలర్ 162 యెన్ల దరిదాపులకు చేరింది. 1986 తర్వాత యెన్ అంత బలహీనపడలేదు. గాలి తిరిగాక అప్పులు తీర్చడానికి అందరికీ ఒకేసారి యెన్లు కావలసి వచ్చాయి. ఆగస్టు 5 నాటికి డాలర్ 142 దగ్గరికి పడింది.

వడ్డీ ఎక్కువైనంత మాత్రాన కరెన్సీ నిలబడుతుందనీ కాదు. తుర్కియే 2024 మార్చిలో రేటును 50 శాతానికి పెంచింది. అక్కడ ధరల పెరుగుదల అంతకన్నా ఎక్కువ కావడంతో లీరా జారుతూనే వచ్చింది.

మారకం ధరను ఎక్కువగా కుదిపేది ఇవాళ్టి తేడా కాదు, రేపటి తేడాపై అంచనా మారడం. జపాన్ కేంద్ర బ్యాంకు 2025 జనవరిలో మళ్లీ వడ్డీ పెంచి 0.5 శాతం చేసింది. ఈసారి ముందుగానే సూచనలిచ్చింది. మార్కెట్లలో ఆగస్టు నాటి అలజడి కనిపించలేదు.