పాత రేడియోకి గిటార్ తగిలించే ముందు

ఎలక్ట్రిక్ గిటార్ కొన్నాక గానీ తెలీదు, అదొక్కటే కొంటే చాలదని. ఊరికే మీటితే దోమ పాడినట్టు ఉంటుంది. యాంప్లిఫయర్ ఉంటేనే పాట. "మళ్లీ ఇంకో ఖర్చా?" అనిపిస్తుంది మనకి. ఈలోపు పిల్లలే ఇంట్లో ఉన్న రేడియోకో, హోమ్ థియేటర్‌కో, కరవొకే పెట్టెకో వైరు తగిలించేస్తారు. బాగన్ దాతుక్‌లోనైనా, కాకినాడలోనైనా జరిగేది ఇదే.

అలా తగిలించొచ్చా? తగిలించొచ్చు. గొప్పవాళ్లూ తగిలించారు. క్వీన్ బ్యాండ్‌లో బేస్ గిటార్ వాయించే జాన్ డీకన్‌కి 1970ల మొదట్లో చెత్తలో ఒక చిన్న రేడియో బోర్డు దొరికింది. దాన్ని స్పీకర్ పెట్టెలో బిగించాడు. 1975లో వచ్చిన 'గుడ్ కంపెనీ' పాటలో జాజ్ బ్యాండ్ మోగినట్టు వినిపించేది బ్రయాన్ మే గిటారే, ఆ పెట్టెలోంచే. ఆ పెట్టె నడిచింది 9 వోల్టుల బ్యాటరీ మీద. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

ఎందుకంటే గిటార్ తీగలు లోపల ఒక వైరుతో ఎర్త్‌కి కలిసి ఉంటాయి. ఆ వైరు కేబుల్‌లోంచి వెళ్లి, మనం తగిలించిన పెట్టె లోపలి ఇనప చట్రాన్ని అంటుకుంటుంది. ఆ చట్రంలోకి కరెంటు వస్తే నేరుగా పిల్లల వేళ్లకి వస్తుంది. పాత వాల్వ్ రేడియోల్లో కొన్నిటికి ట్రాన్స్‌ఫార్మరే ఉండదు, ఇంటి కరెంటు చట్రం మీదే ఉండొచ్చు. తాతగారి రేడియో ఎంత ముద్దుగా ఉన్నా అది అలమార్లో అందానికే. ఇంగ్లండ్‌లో యార్డ్‌బర్డ్స్ బ్యాండ్ గాయకుడు కీత్ రెల్ఫ్ 1976 మే నెలలో తన ఇంట్లోనే గిటార్ వాయిస్తూ షాక్ కొట్టి చనిపోయాడు. ఎర్త్ సరిగ్గా లేదు. అతనికి 33 ఏళ్లు.

మలేసియాలో మనందరం చేసే పని ఒకటుంది. రెండు పిన్నుల ప్లగ్ పట్టకపోతే పై బెజ్జంలో పెన్ను దూర్చి నొక్కేస్తాం. అది మానేయాలి. మూడు పిన్నుల ప్లగ్ తీసేసి రెండు పిన్నులది వేస్తే ఎర్త్ పోయినట్టే. తడి చేతులు, తడి నేల, చెప్పుల్లేని కాళ్లు వద్దు. ఉరుములొస్తే ప్లగ్ పీకేయండి. తీగ ముట్టుకుంటే జిమ్మంటోందని పిల్లలు చెబితే "ఏం కాదులే" అనకండి. స్విచ్ ఆపి, వైరు పీకి, వైర్‌మ్యాన్‌కి చూపించండి.

ఒకవేళ షాక్ కొట్టిందనుకోండి. ముందు మనిషిని ముట్టుకోకూడదు, మెయిన్ ఆపాలి. పిలిస్తే పలక్కుండా, ఊపిరి మామూలుగా ఆడకపోతే 999కి ఫోన్ చేసి (ఇండియాలో 112), ఛాతీ మధ్యలో రెండు చేతులతో నొక్కడం మొదలుపెట్టండి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, సుమారు 5 సెంటీమీటర్లు దిగేలా. స్పృహ తప్పి లేచినా, గుండె దడగా ఉన్నా, చర్మం కాలినా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే.

ఇక వాయించే సంగతి. అన్నిటికన్నా మేలు బ్యాటరీతో నడిచే చిన్న స్పీకర్, లేదా ఛార్జింగ్‌లో లేని ఫోన్. ఫోన్‌కి గిటార్ తగిలించడానికి చిన్న అడాప్టర్లు దొరుకుతాయి, హెడ్‌ఫోన్స్ పెడితే పక్కింటి వాళ్లకీ గోల ఉండదు. బ్లూటూత్ మాత్రం పనికిరాదు. మీటిన క్షణం తర్వాత గానీ శబ్దం రాదు, తాళం తప్పుతుంది. హోమ్ థియేటర్ ఆక్స్ బెజ్జంలో పెడితే శబ్దం నీరసంగా, మూసుకుపోయినట్టు వస్తుంది. గిటార్ ఇచ్చే సిగ్నల్ బలహీనం, ఆ బెజ్జం దానికోసం చేసింది కాదు. మధ్యలో బ్యాటరీతో నడిచే ఎఫెక్ట్స్ పెడల్ ఒకటి పెడితే తేడా తెలుస్తుంది. కరవొకే పెట్టె మైక్ బెజ్జం ఇంకాస్త నయం. ఏదైనా వాల్యూమ్ సున్నాలో పెట్టి మెల్లగా పెంచాలి, లేకపోతే స్పీకర్ చిరుగుతుంది.

రికార్డింగ్‌కి కొత్తగా ఏమీ కొనక్కర్లేదు. ఫోన్‌ని స్పీకర్‌కి మూరెడు దూరంలో పెట్టి, ఫ్యాన్ ఆపి, వాయిస్ రికార్డర్ నొక్కండి. లాప్‌టాప్ ఉంటే అడాసిటీ ఉచితం. రికార్డ్ చేసేటప్పుడు ఛార్జర్ తీసేస్తే 'బుయ్' మనే రొద కూడా తగ్గుతుంది. ఊళ్లో అమ్మమ్మకి పంపేటప్పుడు వాట్సాప్ వాయిస్ మెసేజ్‌గా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి. లేకపోతే శబ్దం పిండేసినట్టయి, మనవడు వాయించింది గిటారో రేకు డబ్బానో ఆవిడకి తెలీదు.

ఈ ఆదివారం ఒక్క పని చేయండి. మీ ఇంటి ఫ్యూజ్ బాక్స్‌లో ఈఎల్‌సీబీ లేదా ఆర్‌సీసీబీ అనే స్విచ్ ఉంటుంది, దాని మీద చిన్న 'టెస్ట్' బటన్. నొక్కితే కరెంటు వెంటనే పోవాలి. పోతే మళ్లీ పైకెత్తండి, సరిపోతుంది. పోలేదంటే, అసలు ఆ స్విచ్చే లేదంటే, ముందు వైర్‌మ్యాన్‌ని పిలవండి. గిటార్ ఆ తర్వాత.