కృష్ణజింకల సీమలో అతిథి భోజనం

గంజాం జిల్లాలో బరంపురానికి ఉత్తరంగా అస్కా, బుగుడా ప్రాంతాలున్నాయి. అక్కడి భెట్నొయి, బాలిపదర్ గ్రామాల పొలాల్లో కృష్ణజింకలు మందలు మందలుగా తిరుగుతుంటాయి. జింక అడుగుపెట్టిన చేను బాగా పండుతుందని అక్కడి రైతుల నమ్మకం. పూర్వం ఒకసారి పెద్ద కరవు వచ్చిందనీ, జింకలు కనబడిన తరువాత వానలు కురిశాయనీ పెద్దలు చెబుతారు. అందువల్ల అవి లేత పైరును మేసినా గ్రామస్థులు వాటికి హాని చేయరు. 2011లో గంజాం జిల్లాలో 2,194 కృష్ణజింకలుండేవి. 2021 నాటి గణనలో వాటి సంఖ్య 7,358కి చేరింది.

ఇది సంతోషించదగిన విషయమే. కాని మంద పెరిగినకొద్దీ పైరుకు నష్టమూ పెరుగుతుంది. ఆ నష్టం రైతుది. జింకలను చూసి ఆనందించే భాగ్యం యాత్రికులది. ఈ ఇద్దరికీ మధ్య న్యాయం కుదిరేదెలా? ఒక మార్గం వంటశాలలోనే ఉంది.

వన్యప్రాణులను చూడవచ్చేవారికి వసతి గృహాలుంటాయి. వాటి వంటశాలకు బియ్యం, పప్పులు, కూరగాయలు నిత్యం కావాలి. వాటిని దూరపు పట్టణం నుండి లారీలో తెప్పిస్తే ఆ సొమ్ము ఊరికి దక్కదు. జింకల మేతను సహించిన రైతు వద్దనే కొంటే అతని నష్టంలో కొంతైనా తీరుతుంది. ఆఫ్రికాలోని కొన్ని వనవిహార వసతి గృహాలు ఇదే పద్ధతిని అనుసరిస్తున్నాయి. ఒడిశా అటవీ శాఖ వారి ప్రకృతి శిబిరాల్లో వంట, అతిథి సేవ స్థానిక గ్రామస్థులే చూస్తారు. వండేవారు ఊరివారైనప్పుడు వండే పంటా ఆ ఊరిదైతే మేలు.

అయితే ఆ పంటను పండించే తీరు ముఖ్యం. పురుగుమందు చల్లిన లేత పైరును జింక మేస్తే విషం దాని ఒంట్లోకి పోతుంది. వాననీటితో కలిసి చెరువులోకీ చేరుతుంది. కనుక ఇక్కడి సేద్యం నేలకు, నీటికి, జింకకు హాని చేయనిదై ఉండాలి. ఐదు కిలోల వేపపప్పును దంచి, రాత్రంతా నానబెట్టి, వడకట్టి, 100 లీటర్ల నీటిలో కలిపి చల్లితే చాలా రకాల పురుగులు పైరు జోలికి రావు. వరి కోసిన తరువాత పెసలు, మినుములు వేస్తే వాటి వేరుబుడిపెల్లోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని గ్రహించి నేలకు బలమిస్తాయి. చోళ్ళు తక్కువ నీటితోనే పండుతాయి. వీటికి తోడు పెరట్లో ఆనప, బీర, గుమ్మడి పాదులు పెట్టుకోవచ్చు.

వంటశాల కూడా కొన్ని నియమాలు పాటించాలి. ఏ నెలలో ఎంత సరుకు కావాలో, ఏ ధర ఇస్తుందో రైతుకు ముందే చెప్పాలి. అప్పుడతను ఆకుకూర విత్తనాలను ఒకేసారి చల్లక వారం వారం కొద్దికొద్దిగా చల్లుతాడు. ఏ కాలంలో పండిన కూరను ఆ కాలంలోనే వండాలి. కూరలు తగ్గిన రోజుల్లో బరంపురానికి పేరు తెచ్చిన ఊరగాయలు, అప్పడాలు ఉండనే ఉన్నాయి. చోడి అంబలి, కూరగాయలు వేసి వండిన దాల్మా వంటివి వడ్డిస్తే అతిథికి ఆ నేల రుచి తెలుస్తుంది.

కూరగాయల తొక్కలను, మిగిలిన మెతుకులను ఆరుబయట పారవేయరాదు. వాటికోసం కుక్కలు చేరతాయి. ఆ కుక్కలే జింకపిల్లలను తరుముతాయి. వాటిని గోతిలో వేసి, పేడ, ఎండుటాకులు కలిపి, మట్టి కప్పితే కొన్ని నెలల్లో మంచి ఎరువవుతుంది. అది తిరిగి రైతు పొలానికే చేరుతుంది.

తాతల నాటి నమ్మకం ఇంతవరకు జింకలను కాపాడింది. ముందు ముందు కూడా అవి నిర్భయంగా తిరగాలంటే, వాటికి మేతనిచ్చిన రైతు ఇంట పొయ్యి ఆరకూడదు.