చేతి కొలతకు తగిన వాద్యం



ఉకులేలే అనే వాద్యాన్ని మీలో కొందరు టీవీలోనో ఫోనులోనో చూసే ఉంటారు. చూడటానికి గిటారు పిల్లలా ఉంటుంది. నాలుగే తీగలు. పొడవు మూర కంటే కాస్త ఎక్కువ. చంకన పెట్టుకొని నిలబడి కూడా వాయించవచ్చు. పసిఫిక్ మహాసముద్రం నడుమనున్న హవాయి ద్వీపాలలో ఇది ఇంటింటి వాద్యం. మా సండేస్కూలులోని ఒక అమ్మాయి చేతికి తగినట్టుగా ఇలాంటిది ఒకటి చేయించాలని అక్కడి ఒక చిన్న వర్క్‌షాపుకు వెళ్లి, పనివానితో పాటు కూర్చొని, దాని కొలతలన్నీ నిర్ణయించే అవకాశం ప్రభువు నాకు దయచేశాడు. ఆ సంగతి చెప్పేముందు ఆ వాద్యం కథ కొంత చెప్పాలి. అది కూడా మన కథకు దూరమైనది కాదు.

1879వ సంవత్సరం ఆగస్టు 23న రావెన్స్‌క్రాగ్ అనే ఓడ హోనొలులు రేవుకు చేరింది. పోర్చుగీసు వారి మదీరా దీవి నుండి చెరకు తోటల్లో పని చేయడానికి ఒప్పందం మీద బయలుదేరిన నాలుగు వందలమందికి పైగా కూలీలు, వారి భార్యాబిడ్డలు అందులో ఉన్నారు. నాలుగు నెలలు నీళ్ల మీదే గడిపి వచ్చారు. ఒడ్డున దిగగానే వారిలో ఒకడు తోటి ప్రయాణికుని చిన్న వాద్యం అడిగి తీసుకొని, క్షేమంగా చేర్చినందుకు కృతజ్ఞతగా పాట పాడాడని అక్కడివారు నేటికీ చెప్పుకుంటారు. ఆ వాద్యం మదీరా వారి మషేట్. అదే ఓడలో మనుయెల్ నూనెస్, అగుస్తో దియాస్, జోజే దో ఎస్పిరితో శాంతో అనే ముగ్గురు వడ్రంగులు ఉన్నారు. తోట పని ఒప్పందం తీరిన తరువాత హోనొలులులో దుకాణాలు పెట్టి, ఆ దీవుల కర్రతోనే ఈ చిన్న వాద్యాలు చేయసాగారు. అవే ఉకులేలేలయ్యాయి.

చెరకు కోసం ఓడ ఎక్కడం మనవారికీ కొత్త కాదు. అదే 1879లో లియోనిదాస్ అనే ఓడ కలకత్తా నుండి ఫిజీకి మొదటి భారతీయ కూలీలను తీసుకొని వెళ్లింది. నాటాలుకైతే 1860 నుండే మద్రాసు రేవు గుండా తెలుగువారు వెళ్లారు. వారి మధ్య సేవకై 1903లో నెల్లూరు ప్రాంతపు బాప్టిస్టు సంఘాల వారు జాన్ రంగయ్యగారిని పంపిన సంగతి మన పెద్దలకు తెలిసినదే. వెళ్లిన ప్రతి చోటికీ జనం తమ పాటను వెంట తీసుకుపోయారు. మదీరా వారి పాటతో పాటు వాద్యం కూడా నిలిచింది, అంతే తేడా.

ఉకులేలే అనే పేరుకు హవాయి భాషలో ఎగిరే మిన్నల్లి అని అర్థం చెబుతారు. తీగల మీద వేళ్లు గెంతుతుంటే అలా కనిపించిందట. సౌలు ఎదుట దావీదు తనను తాను పోల్చుకున్న ఆ అల్పమైన పురుగే ఇది. హవాయి చివరి రాణి లిలియువొకలానీ మాత్రం ఆ అర్థాన్ని ఇష్టపడలేదు. ఆ మాటను విడదీసి, ఇక్కడికి వచ్చిన బహుమానం అని ఆమె చెప్పేదట. ఆ రాణి హోనొలులులోని కవాయహావో దేవాలయంలో పాటల బృందాన్ని నడిపించిన మనిషి. సింహాసనం పోయి, 1895లో తన రాజభవనంలోనే ఒక గదిలో ఖైదీగా ఉన్నప్పుడు, తనను బంధించిన వారిని క్షమించమని దేవుని వేడుకుంటూ కీర్తన వ్రాసింది. పగడపు రాళ్లతో కట్టిన ఆ దేవాలయంలో ఒక ఆదివారం కూర్చొనే భాగ్యం నాకు కలిగింది. దాని గురించి వ్రాయాలంటే వేరే వ్యాసం కావాలి.

ఇక మా అమ్మాయి సంగతి. మాది అనకాపల్లి వైపు చెరకు పండే పల్లె. పన్నెండేళ్ల ఆ పిల్ల చిన్నతనంలో గానుగ దగ్గర ఆడుకుంటూ ఎడమ చేతి మూడు వేళ్లు పోగొట్టుకుంది. బొటనవేలు, చూపుడు వేలు మిగిలాయి. గొంతు మంచిది. హార్మోనియం పెట్టె దగ్గరే కూర్చొని చూస్తూ ఉండేది గాని ముట్టుకునేది కాదు. మా చిన్నబ్బాయి ఉద్యోగరీత్యా హోనొలులులో ఉన్నాడు. నేను వాడి దగ్గరకు ప్రయాణమవుతున్నానని తెలిసి మా స్త్రీల సమాజం వారు పిడికెడు బియ్యం డబ్బులో కొంత నా చేతిలో పెట్టి, ఆ పిల్ల వాయించగలిగినది ఏదైనా తెమ్మన్నారు. వాళ్ల నాన్న పాత క్యాలెండరు కాగితం వెనుక కూతురి రెండు చేతులూ ఆనించి, పెన్సిలుతో గీత గీసి ఇచ్చాడు.

ఆ వర్క్‌షాపు ఒక ఇంటి వెనుక షెడ్డు. ఇద్దరే పనివారు. గోడలకు సగం చేసిన పెట్టెలు, నేల మీద చిత్రిక పట్టిన పొట్టు. పెద్ద పనివానికి అరవై దాటి ఉంటాయి. ముందుగా ఆయన క్యాలెండరు కాగితాన్ని బల్ల మీద పరచి, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత వేళ్ల పొడవు, చూపుడు వేలి కణుపుల దూరం కొలిచి వ్రాసుకున్నాడు. ఏమి పాటలు పాడుతుంది, కూర్చొనా నిలబడా, మీ ఊళ్లో వానలెలా ఉంటాయి, ఎండలెలా ఉంటాయి అని ఒక్కొక్కటే అడిగాడు. ఎండల సంగతి ఎందుకని అడిగితే, కర్ర బిగిసేదీ ఉబ్బేదీ గాలిలోని తేమను బట్టే అని చెప్పాడు.

కర్ర దగ్గరే మొదటి నిర్ణయం. పేరుపొందిన ఉకులేలేలు కోవా కర్రతో చేస్తారు. ఆ చెట్టు సహజంగా హవాయి దీవులలో తప్ప ఎక్కడా పెరగదు. మన తుమ్మ చెట్టుకు చుట్టమే అది. మోషే కాలంలో మందసం చేసినది కూడా తుమ్మకర్రతోనే కదా. నిగనిగలాడే ఆ ఎర్రటి కర్రను తడిమి చూస్తే వదలబుద్ధి కాలేదు, ధర వినేదాకా. అప్పుడాయన మామిడి కర్ర చూపించాడు. అక్కడ దానితోనూ మంచి వాద్యాలు చేస్తారు. మామిడి పండే ఊరి నుండి ఇంత దూరం వచ్చి మామిడి కర్రే ఎంచుకున్నానని మా అబ్బాయి నవ్వాడు. పిడికెడు బియ్యం డబ్బుకు అదే తగిన కర్ర అని నేను తృప్తి పడ్డాను.

పై పలకను ఎంత పలచగా చిత్రిక పట్టాలన్నది ఈ పనిలో ప్రాణం లాంటిది. రెండు మిల్లీమీటర్లకు అటూ ఇటూ. మందమైతే మోగదు, మరీ పలచనైతే తీగల లాగుడుకు ఉబ్బిపోతుంది. ఒకే దిమ్మె నుండి పక్కపక్కనే కోసిన రెండు పలకలను పుస్తకం తెరచినట్టు విప్పి అతికిస్తారు. పక్క పలకలను తడిపి, కాలిన ఇనుప గొట్టం మీద మెల్లగా వంచుతారు. పై పలకను చెవి దగ్గర పెట్టి వేలితో తట్టి వింటారు.

చెవితో మాత్రమే కాదని అక్కడ తెలిసింది. హోనొలులులో కమాకా అనే కుటుంబం 1916 నుండి ఉకులేలేలు చేస్తూ ఉంది. శామ్యూల్ కమాకా ఇంటి కింది గదిలో మొదలుపెట్టిన పని అది. ఆయన 1953లో చనిపోయాక కుమారులు ఆ పనిని నడిపించారు. ఆ కర్మాగారంలో వారు చెవిటివారిని, ఇతర వైకల్యాలు ఉన్నవారిని పనిలోకి తీసుకున్నారు. జాలితో ఒక మూల కూర్చోబెట్టడానికి కాదు. వినబడని ఆ మనుషుల వేళ్లకు పలక మందం, అది అదిరే తీరు బాగా తెలిసేవి. పలకను తట్టి, వేళ్ల కొసలతో ఆ అదురును పట్టుకొని, ఇంకా ఎంత తీయాలో చెప్పేవారు. తమకు ఎన్నడూ వినబడని వాద్యాలను వారు లోకానికి వినిపించారు. ఈ మాట చెప్పి మా పనివాడు నన్ను కళ్లు మూసుకోమని, రెండు పలకలు చేతికిచ్చి తట్టమన్నాడు. ఒకటి చేతిలో చచ్చినట్టు పడి ఉంది. రెండోది తట్టినప్పుడల్లా చిన్న పక్షిని పట్టుకున్నట్టు అరచేతిలో కదిలింది. మన సంఘాలలో చెవిటివారిని వెనుక బల్ల మీద కూర్చోబెట్టి, ప్రసంగం అయ్యాక తల నిమిరి పంపడమే మనకు తెలుసు. అంతకు మించి వారి చేతులను ఏ పనికీ అడిగిన సంఘాన్ని నేను ఎక్కువగా చూడలేదు.

మామూలుగా ఉకులేలే తీగలను ప, స, గ, ద అని శ్రుతి చేస్తారు. నాలుగు వేళ్లతో మెట్ల మీద అక్కడక్కడా నొక్కితే గాని పాటకు కావలసిన స్వరాల కలయిక రాదు. రెండు వేళ్ల చేతికి అది కష్టం. ఆయన మొదట చెప్పిన ఉపాయం వాద్యాన్ని తిరగవేయడం. బాగున్న కుడి చేయి మెట్ల మీద నొక్కుతుంది, ఎడమ చేయి తీగలను మీటుతుంది. కాగితం మీద అలాగే బొమ్మ వేశాడు. అప్పుడే, ఆ పిల్లనే అడుగుదామా అన్నాడు. అక్కడ మధ్యాహ్నం మూడు గంటలు, ఇక్కడ మరునాటి ఉదయం ఆరున్నర. ఫోనులో మొహం చూపిస్తూ పిల్ల సిగ్గుపడింది. మా అబ్బాయి ఇంగ్లీషులోకి తెలుగులోకి మార్చి చెప్పాడు. ఏ చేత్తో నొక్కాలని ఉంది తల్లీ అని ఆయన అడిగాడు.

"ఎడం చేత్తోనే అమ్మగారూ. ఇంట్లో పనంతా కుడిచేయే చేసేస్తోంది. దీనికీ ఒక పని ఉండాలి కదండీ" అంది.

ఆయన రబ్బరు తీసుకొని బొమ్మ మొత్తం చెరిపివేశాడు.

హవాయి వారు పూర్వం నుండి గిటారు తీగలను వదులు చేసి, ఏమీ నొక్కకుండా మీటినా స్వరాలు కలిసి పలికేలా శ్రుతి చేసుకుంటారు. కీ హోఆలు అంటారు దాన్ని. అదే ఉపాయం ఇక్కడ వాడారు. చివరి తీగను ద నుండి ప కు దించితే నాలుగు తీగలు ప, స, గ, ప అవుతాయి. ఊరికే మీటితే స-గ-ప కలిసి పలుకుతాయి. చూపుడు వేలును అయిదో మెట్టు దగ్గర నాలుగు తీగల మీద అడ్డంగా ఆనిస్తే మ-ద-స. ఏడో మెట్టు దగ్గర ఆనిస్తే ప-ని-రి. పాశ్చాత్య బాణీలో పాడే పాటలు చాలామట్టుకు ఈ మూడింటితోనే నడుస్తాయి. పురుషోత్తమ చౌదరిగారి కీర్తనల వంటివి, రాగం మీద నడిచేవి, వీటికి లొంగవు. వాటికి ఒక్క తీగ మీద శ్రుతి పట్టుకొని పాడుకోవాలి. ఆ సంగతి ఆయనకు పాడి వినిపిస్తే, మీ పాటకు నా వాద్యం చాలదు అని ఒప్పుకున్నాడు. ఆ మాటకు నాకాయన మీద గౌరవం పెరిగింది.

ఇక కొలతలన్నీ ఆ ఒక్క వేలి కోసమే. అన్నింటికంటే చిన్న సైజు ఎంచుకున్నాము. తీగ పొడవు పదమూడు అంగుళాలు, కాబట్టి అయిదో మెట్టుకూ ఏడో మెట్టుకూ మధ్య జరగవలసినది ఒక అంగుళమే. మెట్లున్న పలకను కొద్దిగా గుండ్రం చేశాడు, అడ్డంగా ఆనించిన వేలు నాలుగు తీగలకూ సమంగా తగలడానికి. తీగలను మెట్లకు వీలైనంత దగ్గరగా దించాడు. దండిని రెండు వేళ్లతో పట్టుకొని మోయడం కష్టమని, మెడకు తగిలించుకునే పటకాకు రెండు చీలలు పెట్టాడు. అయిదు, ఏడు మెట్ల దగ్గర వాయించేవారికి కనబడే పక్కన తెల్లటి చుక్కలు పొదిగాడు. పై భాగాన పక్క పలకలో మరొక చిన్న రంధ్రం కూడా చేయించమని నేనే అడిగాను. పిల్లలందరూ గట్టిగా పాడే చోట తన వాద్యం తనకు వినబడాలి గదా.

అది తయారయ్యి మా ఊరు చేరేసరికి కొన్ని నెలలు పట్టింది. సెలవులకు వచ్చినప్పుడు మా అబ్బాయి తెచ్చాడు. మొదటి వారంలో పిల్ల వేలి చర్మం ఊడింది. వాళ్లమ్మ వెన్న రాస్తూనే, ఇక చాలు మానెయ్యి అంది. పిల్ల మానలేదు. నెలన్నరకు రెండు పాటలు పట్టుబడ్డాయి. మా హార్మోనియం మాస్టారు ఈ తీగల బుడ్డి ఆరాధనకు పనికిరాదని మొదట కొట్టిపారేశారు. ఇప్పుడు సండేస్కూలు పాటలకు ఆయనే తన పెట్టె మీద ఒకటో శ్రుతికి దిగి, ఆ పిల్ల తీగలు సరిచూస్తున్నారు. ఎండాకాలంలో మాత్రం దాని పెట్టెలో తడి గుడ్డ ముక్కను చిల్లుల డబ్బాలో పెట్టి ఉంచాలని పనివాడు చెప్పి పంపాడు. అది తప్పకుండా చేస్తున్నది.

మొన్న ఒక తీగ తెగింది. అవి గాలపు తీగలాంటివేనని, అవసరమైతే దానితో కూడా పని జరుగుతుందని ఆయన చెప్పిన మాట పిల్లకు గుర్తుంది. పూడిమడక నుండి చేపలు తెచ్చే ఆమెను అడిగి బారెడు నైలాను తీగ తెచ్చి కట్టుకుంది. మోత కొంచెం మందంగా ఉంది. హవాయి నుండి అసలు తీగలు వచ్చేదాకా దానితోనే వాయిస్తానంటోంది.