ఒక్క పరమాణువు మందపు నేత

మీరు వ్రాయు పెన్సిలులోని నల్లని గ్రాఫైటు తమలపాకుల కట్టవలె పొరపై పొరగా నమరి యున్నది. ఒక మిల్లీమీటరు మందములో అట్టి పొరలు సుమారు 30 లక్షలుండును. అందు ఒక్క పొరకు గ్రాఫీనని పేరు. 2004వ సంవత్సరమున ఇంగ్లాండులోని మాంచెస్టరు విశ్వవిద్యాలయమున ఆండ్రీ గైమ్, కాన్‌స్టాంటిన్ నోవోసెలోవ్ అను శాస్త్రజ్ఞులు అంటుకొను టేపుతో దానిని ఊడదీసి పరిశీలించిరి. ఇంత చవుక సాధనముతో మొదలైన పని వారికి 2010లో నోబెల్ బహుమానము తెచ్చుట వింతయే.

టేపుతో వచ్చు ముక్క మిక్కిలి చిన్నది. వెడల్పయిన పొర కావలెనన్నచో పెంచవలసినదే. అందులకు లోహమే పొలము. గాలి తీసివేసిన గొట్టములో రాగి రేకు నుంచి సుమారు 1000 డిగ్రీల సెంటీగ్రేడు వరకు వేడి చేయుదురు. రాగి 1085 డిగ్రీల వద్ద కరగును గనుక, కరగుటకు కొంచెము ముందే నిలుపుదురన్నమాట. పిమ్మట మీథేను వాయువును పంపుదురు. వేడి రాగి తగులగానే అందలి హైడ్రోజను విడిపోవును. కర్బన పరమాణువులు రాగిపై నిలిచి, ఆరు మూలల గళ్లుగా అల్లుకొనును. రాగి కర్బనమును తనలో దాదాపు ఇముడ్చుకొనదు. పైభాగము కప్పబడిన పిదప మీథేనును విడగొట్టుటయు ఆగును. కావున పెరుగుదల ఒక్క పొరతో చాలవరకు దానంతట అదే నిలిచిపోవును. నికెలు అట్లు కాదు; వేడిలో కర్బనమును మ్రింగి, చల్లారునపుడు వెలికి గ్రక్కును. అందుచే పొరలు ఒకచోట ఎక్కువగను, ఒకచోట తక్కువగను ఏర్పడును.

గ్రాఫీను మంచి విద్యుద్వాహకము. కాని విద్యుత్తునకు దారి యిచ్చునది యొక్కటే చాలదు. అడ్డు నిలుచునదియు కావలెను. బోరాన్ నైట్రైడు పొరకును ఆరు మూలల అల్లికయే. గళ్ల కొలతలో భేదము నూటికి రెండు పాళ్లకు లోపు. అయినను అది విద్యుత్తును పోనీయదు. ఈ రెంటిని ఒకే పొరలో అంచున కంచు కలిపి పెంచవచ్చునా? గద్వాల చీరలో నూలు చీరకు పట్టు అంచును కుట్టరు. నేయుచునే పోగునకు పోగు మెలివేసి కలుపుదురు. శాస్త్రజ్ఞులు కోరిన కలయికయు ఇట్టిదే.

2010లో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయమున, కేరళలో జన్మించిన పులిక్కల్ అజయన్ బృందమువారు రెండును కలిసిన పొరను రాగిపై పెంచిరి. అయితే అవి మచ్చలు మచ్చలుగా ఏర్పడెను. 2014లో టెన్నెసీ విశ్వవిద్యాలయము, ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాలలవారు వేరొక త్రోవ త్రొక్కిరి. ముందుగా గ్రాఫీనును పెంచి, హైడ్రోజనుతో దాని అంచును తొలిచి, అటుపై బోరాన్ నైట్రైడును పెంచిరి. అది తన క్రిందనున్న రాగి అమరికను పాటింపక, ప్రక్కనున్న గ్రాఫీను అంచునే అనుసరించి పెరిగినది!

కంటికి కానరాని ఈ అంచును వారెట్లు చూచిరి? 1981లో స్విట్జర్లాండున బిన్నిగ్, రోరర్ అనువారు నిర్మించిన స్కానింగ్ టన్నెలింగ్ సూక్ష్మదర్శిని ఇందులకు తోడ్పడినది. అందొక సూదిమొన వస్తువునకు తగులకయే దానిపై సంచరించును. నడుమ ఖాళీలో స్వల్పముగా విద్యుత్తు దాటును. ఆ ఎడము పరమాణువులో సగమంత పెరిగినచో అది సుమారు పదవవంతునకు తగ్గును. ఈ హెచ్చుతగ్గులనుండియే పరమాణువుల చిత్రము సిద్ధమగును. ఇచటను లోహమే అక్కరకు వచ్చును. క్రింద రాగి యుండుటచేతనే, విద్యుత్తును పోనీయని బోరాన్ నైట్రైడుకూడ ఇంత పలుచనిదైనపుడు ఈ సూదికి కనబడును.

కాని సాధనములలో వాడవలెనన్నచో ఆ రాగి అడ్డు. దానిని ద్రావకములో కరగించి పొరను వేరుచేయుదురు. అప్పుడు ముడుతలును, చిరుగులును పడుచుండును.