రాత్రి కావలి కాయు రేడియో
(కంప్యూటరుతో స్కానరును నడుపు విధానము)

మన గ్రామములలో రేడియో నెరుగనివారు లేరు. ఒకప్పుడు పంచాయతీ కార్యాలయపు అరుగుమీద రేడియో నుంచి, సాయంకాలము వార్తలును వ్యవసాయ ప్రసంగములును విని, పెద్దలు ఇండ్లకు పోవుచుండెడివారు. ఆ రేడియో ఒక వేళకు ఒక్క కేంద్రమునే వినిపించును. మరియొక కేంద్రము కావలెనన్న మనిషి లేచి మర త్రిప్పవలెను. అట్లుకాక, తనంతట తానే వందలకొలది స్థానములను వెదకుచు, ఎక్కడ మాట వినవచ్చిన అక్కడ నిలుచు రేడియో గ్రాహకము కలదు. దీనిని స్కానరు అందురు. దీనిని కంప్యూటరుతో కలిపినచో రాత్రియంతయు మేల్కొని వినుటయేగాక, విన్నదాని లెక్కయు వ్రాసి యుంచును.

తుపానుల తీరమున నివసించు గ్రామములవారికి ఇట్టి యంత్రము ఆశ గొలుపుట సహజము. ఎవరైన వచ్చి "దీనిని మీ పంచాయతీకి కొనుడు" అని సలహా చెప్పినపుడు, ఇది యెట్లు పనిచేయును, ఏమి చేయగలదు, ఏమి చేయజాలదు అను సంగతులు సభ్యులకు తెలిసియుండుట మేలు. అందులకే ఈ వ్యాసము.

స్కానరు పని

అమెరికా దేశమున స్కానరు విరివిగా వాడుకలో నున్నది. అక్కడ పెక్కు చిన్న ఊళ్లలో అగ్నిమాపక దళములు జీతగాండ్రతో గాక స్వచ్ఛంద సేవకులతో నడచుచున్నవి. రైతులు, దుకాణదారులు, ఉపాధ్యాయులు తమ పనులు తాము చేసికొనుచునే ఈ సేవకు పేరిచ్చి యుందురు. ఎక్కడనైన నిప్పంటుకొన్నచో కేంద్రము వైర్‌లెస్ ద్వారా పిలుచును. ఇంట నున్న స్కానరు ఆ పిలుపును వినిపించును. ఆ దేశపు వాతావరణ శాఖవారు 162.400 మొదలు 162.550 మెగాహెర్ట్జుల వరకు గల ఏడు స్థానములలో రేయింబవళ్లు వాతావరణ ప్రసారములు గావించుచున్నారు. స్కానరు గలవారు వీనినికూడ వినుచుందురు.

సంతకు పోయిన మనిషి ప్రతి అంగడి ముందును క్షణకాలము నిలిచి, కావలసిన సరకు కనబడనిచో ముందునకు సాగినట్లు, స్కానరు తన జ్ఞాపకములో నున్న ఒక్కొక్క స్థానమువద్ద క్షణకాలము నిలుచును. అక్కడ మాట లేకున్న సాగిపోవును. ఉన్న ఆగి వినిపించును. మాట లేనపుడు వచ్చు హోరును అణచుటకు ఒక మర కలదు. దానిని స్క్వెల్చి అందురు. దానిని మిక్కిలి బిగించినచో దూరపు సన్నని మాటలు వినబడవు. మిక్కిలి వదలినచో స్కానరు ఉత్త హోరునే మాటగా భ్రమించి అక్కడనే నిలిచిపోవును. కాబట్టి దీనిని సరిగా నమర్చుట మొదటి పని.

ఇందు రెండు కష్టములు కలవు. యూనిడెన్ అను జపాను సంస్థవారి చిన్న స్కానరులలో ఒకదానియందు 500 స్థానములను నింపవచ్చును. అన్నిటిని చిన్న మీటలతో ఒక్కటొక్కటిగా నొక్కి నింపుట రోజులకొలది పని. తప్పులు దొర్లుటయు తప్పదు. ఇక రెండవ కష్టము: అర్ధరాత్రి రెండు గంటలకు వచ్చిన పిలుపును వినుటకు ఎవరు మేల్కొనియుందురు? ఈ రెండు కష్టములను తీర్చుటకే కంప్యూటరు.

ఒంటి బాటలో నడచు అక్షరములు

కంప్యూటరునకును స్కానరునకును మాటలు జరుగు ద్వారమునకు సీరియల్ పోర్టు అని పేరు. వరిచేల నడుమ గట్టుమీద మనుషులు ఒకరి వెనుక ఒకరు నడచినట్లు, ఈ తీగలో అక్షరముల సంకేతములు ఒకదాని వెనుక నొకటి పోవును. ఇందులకు అమెరికాలోని ఎలక్ట్రానిక్ పరిశ్రమల సంఘమువారు 1960లో ఆర్.ఎస్. 232 అను ప్రమాణమును ఏర్పరచిరి. నేటికిని ఆ ప్రమాణము వాడుకలో నున్నది.

ప్రతి అక్షరమును ఎనిమిది గుర్తులుగా పంపుదురు. గుర్తు సున్నయైనను కావలెను, ఒకటియైనను కావలెను. తీగలో 3 మొదలు 15 వోల్టుల వరకు ధన విద్యుత్తు ఉన్నచో సున్న. అంతే ఋణ విద్యుత్తు ఉన్నచో ఒకటి. అక్షరమునకు ముందు "ఇదిగో వచ్చుచున్నది" అని తెలుపు గుర్తు ఒకటి, వెనుక "ముగిసినది" అని తెలుపు గుర్తు ఒకటి చేరును. వెరసి అక్షరమునకు పది గుర్తులు. సెకనునకు 9,600 గుర్తుల వేగమున పంపినచో సెకనునకు 960 అక్షరములు పోవును. స్కానరు వంటి యంత్రమునకు ఈ వేగము సమృద్ధిగా చాలును.

ఇరువైపుల వేగము ఒక్కటిగా నుండవలెను. ఒకరు 9,600 వేగమున చెప్పుచుండగా ఎదుటివారు 4,800 లెక్కన వినినచో వచ్చునది అర్థములేని గీతలు మాత్రమే. కంప్యూటరు వెనుకనుండు తొమ్మిది సూదుల ద్వారములో రెండవది వినునట్టిది, మూడవది చెప్పునట్టిది, ఐదవది ఉభయులకు సామాన్యమైన నేల తీగ. ఒకరి నోరు ఎదుటివారి చెవికి చేరునట్లు తీగలు కలియవలెను. నోటికి నోరు, చెవికి చెవి కలిపినచో ఉభయులు ఊరకుందురు.

కొన్ని రేడియోలు ఇంత విద్యుత్తును సహింపవు. అవి 5 వోల్టులకో, అంతకంటె తక్కువకో ఏర్పడినవి. వానిని నేరుగా కలిపినచో చెడిపోవును. నడుమ తగిన మార్పిడి పరికరము ఉండవలెను. క్రొత్త కంప్యూటరులలో పాత ద్వారము లేకున్నను, యు.యస్.బి. ద్వారమునకు తగిలించు అతుకు తీగ బజారులో దొరకును. కొన్ని క్రొత్త స్కానరులకు యు.యస్.బి. తీగయే ఉండును, అయినను కంప్యూటరు దానిని సీరియల్ పోర్టుగానే ఎంచును.

ప్రశ్నయు, జవాబును

స్కానరునకు అర్థమగు మాటలు స్వల్పము. ఉదాహరణకు యూనిడెన్ స్కానరునకు కంప్యూటరు ఎం.డి.ఎల్. అను మూడక్షరములు పంపి, వాక్యము ముగిసినట్లు తెలుపు గుర్తును చేర్చినచో, స్కానరు అవే అక్షరములు మరల చెప్పి తన నమూనా పేరు తెలుపును. జి.ఎల్.జి. అని అడిగినచో తాను అప్పుడు ఏ స్థానమును వినుచున్నదో, దాని పేరేమో తెలుపును. ఏమియు వినబడనిచో ఆ గడులను ఖాళీగా విడచి జవాబిచ్చును. జ్ఞాపకములో స్థానములను నింపుటకు మొదట పి.ఆర్.జి. అని పంపవలెను. అంతట స్కానరు వినుట మాని, చెప్పినది వ్రాసికొనుటకు సిద్ధపడును. పని ముగిసిన పిమ్మట ఇ.పి.జి. అని పంపినగాని వినుటకు మరలదు.

ఐకాం అను మరియొక జపాను సంస్థవారి పద్ధతి వేరు. అందు ఒకే తీగపై పెక్కు రేడియోలను ఉంచవచ్చును. ప్రతిదానికి ఒక సంఖ్య యుండును. కంప్యూటరు ఆ సంఖ్యతో పిలిచినపుడు ఆ రేడియో మాత్రమే బదులు పలుకును. సభలో అధ్యక్షుడు పేరు పెట్టి పిలిచిన సభ్యుడే లేచి మాటలాడినట్లు ఇది జరుగును.

ఈ విధముగా కంప్యూటరు రాత్రియంతయు స్కానరును అడుగుచు, ఏ తేదీన, ఎన్ని గంటలకు, ఏ స్థానమున, ఎంతసేపు మాట వినవచ్చినదో చిట్టా వ్రాయును. మాటల ధ్వనిని నింపుటకు స్కానరు చెవి రంధ్రమునుండి వేరొక తీగ కంప్యూటరునకు పోవలెను. ఒక ప్రశ్నకు జవాబు రాకముందే మరియొక ప్రశ్న వేయరాదు. ప్రశ్నల నడుమ ఎడము ఎక్కువైనచో, ఆ ఎడములో వచ్చి ముగిసిన చిన్న మాట చిట్టాకు ఎక్కదు. కంప్యూటరు గడియారము తప్పుగా నున్నచో చిట్టాయంతయు తప్పే. తేదీ లేని తీర్మానమునకు పంచాయతీలో విలువ లేనట్లే, వేళ తెలియని చిట్టాకును విలువ లేదు.

మౌనము రెండు విధములు

ఈ యంత్రమును నమ్ముకొనువారు ముఖ్యముగా గుర్తుంచుకొనవలసిన విషయ మొకటి కలదు. ఉదయమున చూడగా చిట్టా ఖాళీగా నున్నదనుకొనుడు. రాత్రి ఎవరును పలుకలేదని నిశ్చయింపవచ్చునా? నిశ్చయింపరాదు. తీగ ఊడియుండవచ్చును. స్క్వెల్చి మిక్కిలి బిగిసియుండవచ్చును. లేదా స్థానములు నింపుచుండగా కంప్యూటరు నడుమ ఆగిపోయి, ఇ.పి.జి. అను చివరి మాట పంపక విడచి యుండవచ్చును. అట్టియెడ స్కానరు దీపము వెలుగుచునే యుండును. వినుట మాత్రము ఉండదు. పలికినవారు లేక కలిగిన మౌనము వేరు, కావలివాడు నిద్రించుటచే కలిగిన మౌనము వేరు.

దీనికి నివారణ సులభము. స్కానరు ఖాళీ జవాబు ఇచ్చినను, "అడిగితిని, జవాబు వచ్చినది" అని కంప్యూటరు చిట్టాలో గంటగంటకు గుర్తుంచునట్లు ఏర్పాటు చేయవలెను. ఆ గుర్తులు లేని రాత్రి కావలి లేని రాత్రియే. నిత్యము మాట వినవచ్చు స్థానము నొకదానిని జాబితాలో నుంచుటయు మంచిది. అదియు వినబడకున్న లోపము మనవైపుననే కలదని తెలియును.

మన తీరమునకు దీని సంబంధము

1977 నవంబరు 19వ తేదీన వచ్చిన తుపానుచే సముద్రము పొంగి దివిసీమను ముంచివేయగా, వేలాది జనులు ప్రాణములు కోల్పోయిరి. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణముపై విరుచుకుపడినపుడు విద్యుత్తుతో పాటు సెల్ ఫోనులును మూగవోయెను. స్తంభములు కూలి తీగలు తెగిన వేళ బ్యాటరీతో నడచు చిన్న వైర్‌లెస్ రేడియో పనిచేయగలదు. 2004 డిసెంబరు 26వ తేదీన సునామీ వచ్చినపుడు, భారతి ప్రసాద్ గారి నాయకత్వమున ఔత్సాహిక రేడియో బృందమొకటి పోర్టు బ్లెయిరులో నుండెను. ఆ బృందమువారు వినోదముగా సాగించుచున్న తమ కార్యక్రమమును నిలిపి, ద్వీపములలోని వారి క్షేమ సమాచారములను బయటకు చేరవేసిరి. ఆ యాత్ర నేర్పరచినది 1983లో హైదరాబాదున స్థాపితమైన జాతీయ ఔత్సాహిక రేడియో సంస్థ.

ఇందు గమనింపదగినది యేమనగా, ఆనాడు పనికివచ్చినవి మాటలాడగల రేడియోలు. స్కానరునకు చెవులే గాని నోరు లేదు. వరదనీరు చుట్టుముట్టిన గ్రామము "పడవ పంపుడు" అని స్కానరు ద్వారా చెప్పజాలదు. ఎంత చక్కని చిట్టా యున్నను అది రక్షణకు బదులు కాదు.

చట్టపు మాటయు చెప్పవలెను. 1933 నాటి భారత వైర్‌లెస్ టెలిగ్రాఫు చట్టము అనుమతి లేక వైర్‌లెస్ యంత్రమును దగ్గర నుంచుకొనుటను నేరముగా నెంచినది. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టముకూడ రేడియో యంత్రములకు అనుమతి కావలెనన్న నియమమును నిలిపినది. ఇతరుల సందేశములను అక్రమముగా గ్రహించుట శిక్షార్హము. పోలీసులవి మొదలగు సంభాషణలు వినవచ్చునని ఎవరైన ఆశ చూపినచో, పంచాయతీ దానికి చెవియొగ్గరాదు. స్కానరులు విరివిగా నున్న అమెరికాలో సైతము, సెల్ ఫోనుల సంభాషణలు వినగల స్కానరుల తయారీని 1994 నుండి నిషేధించిరి.

పంచాయతీ చేయదగినది

కావున పంచాయతీ నిధులతో ఇట్టి యంత్రమును కొనుమని సలహా వచ్చినచో సభ్యులు నాలుగు ప్రశ్నలు వేయవలెను. దీనికి అనుమతి యున్నదా? మనము వినదగిన ప్రసారము ఏది? కరెంటు పోయినపుడు ఇది దేనితో నడచును? చిట్టాను ప్రతి ఉదయము చూచు బాధ్యత ఎవరిది? ఈ నాలుగింటికి జవాబు లేనిచో ఆ ధనమును మరియొక పనికి వినియోగించుట యుక్తము.

ఉత్సాహము గల యువతీ యువకులు గ్రామమున నున్నచో వారిని ఔత్సాహిక రేడియో పరీక్షకు ప్రోత్సహింపుడు. పరీక్షయందు ఉత్తీర్ణులై కేంద్ర ప్రభుత్వపు లైసెన్సు పొందినవారు తమకు కేటాయించిన స్థానములలో వినవచ్చును, మాటలాడవచ్చును. కంప్యూటరుతో రేడియోను నడుపు విద్య వారికి చక్కగా ఉపకరించును. పైన చెప్పిన తీగలు, వేగములు, ప్రశ్నలు, జవాబులు వారి రేడియోలకును చాలవరకు వర్తించును. తుపాను హెచ్చరికలను అధికారులనుండియే గ్రహింపుడు. గాలి లేవకముందే బ్యాటరీలను నింపి, తీగలను చూచి, గడియారమును సరిచేసి యుంచుట ఆ యువకుల పని కాగా, వారిని గుర్తించి పేర్లు తీర్మానములో చేర్చి మండల కార్యాలయమునకు తెలియజేయుట సభ్యుల పని.