ఇంటికి తగిన డిజిటల్ ఫోటో ఫ్రేము

పెద్దల కాలమున మన ఇండ్లలో ఛాయాచిత్రములను పటములు కట్టించి ముందుగది గోడపై వరుసగా తగిలించుట వాడుక. తాతగారును, నాయనమ్మగారును కుర్చీలలో కూర్చుండగా, వెనుక కొడుకులు, కోడండ్రు నిలిచి, ముందు పిల్లలు నేలపై బాసిపట్లు వేసికొని కూర్చున్న చిత్రము లేని ఇల్లు అరుదు. అట్టి చిత్రమును జన్మకు రెండు మూడు పర్యాయములే తీయించుకొనెడివారు. కనుకనే దానికి గోడపై చోటు దొరకెను. నేడు ఒక్క నామకరణమునకే వందలకొలది చిత్రములు సెల్‌ఫోనులలో చేరుచున్నవి. చేరి, అచటనే యుండిపోవుచున్నవి. ఫోను చేతబట్టుట యలవాటులేని వృద్ధులకు అవి తీసినను, తీయకున్నను ఒకటే.

ఈ లోటును తీర్చుటకు వచ్చిన సాధనమే డిజిటల్ ఫోటో ఫ్రేము. ఇది పటము ఆకారమున నుండు చిన్న తెర. దాని వెనుక చిత్రములను దాచుకొను భాగమును, వానిని ఒకదాని తరువాత నొకటిగా తెరపై నిలుపు చిన్న కంప్యూటరును ఉండును. దీనికి మూలమైన డిజిటల్ కెమెరాను 1975లో అమెరికాలోని ఈస్ట్‌మన్ కొడాక్ సంస్థయందు స్టీవెన్ సాసన్ అను ఇంజనీరు నిర్మించెను. ఆ కెమెరా తీసిన చిత్రములో నుండినవి అడ్డముగా 100, నిలువుగా 100 చుక్కలు మాత్రమే. ఒక్క చిత్రమును టేపుపై నెక్కించుటకు 23 సెకండ్లు పట్టెడిది. నేటి సాధారణమైన ఫ్రేములో సైతము పది లక్షల చుక్కలు కలవు.

అంగడికి పోవుటకు ముందే ఇంటియందు రెండు ప్రశ్నలు వేసికొనవలెను. దీనిని దినదినము చూచువారెవరు? ఇందులో చిత్రములను నింపువారెవరు? ఈ రెంటికిని జవాబు దొరకిన పిమ్మట సగము ఎంపిక అయినట్లే. చూచునది ఇంటిలోని అవ్వగారు, నింపునది హైదరాబాదులోనో, అమెరికాలోనో ఉన్న మనుమడు అయిన యెడల ఒకరకము; చూచువారును, నింపువారును ఒకే ఇంటనున్న యెడల మరియొకరకము.

అమ్మువారు మొదట చెప్పునది తెర ఎన్ని అంగుళములని. ఆ కొలత మూలనుండి మూలకు కొలిచినది. కాని అంగుళములకంటె తెర యొక్క ఆకృతి ముఖ్యము. దీనిని కొనువారిలో పలువురు గమనింపరు కావున కొంత వివరముగ చెప్పెదను. ఫోనుతో తీసిన చిత్రము సాధారణముగా 4కు 3 పాళ్ళలో ఉండును. ఫ్రేములలో ననేకము సినిమా తెరవలె వెడల్పైనవి. అడ్డముగా 1280, నిలువుగా 800 చుక్కలు గల తెరను తీసికొందము. ఫోనును నిలువుగ పట్టి తీసిన చిత్రము, ఆ 800 చుక్కల ఎత్తులో ఇమిడినప్పుడు దాని వెడల్పు 600 చుక్కలే యగును. తెరలో సగము కూడ నిండదు. ఇరుప్రక్కల నల్లని పట్టీలు మిగులును. పట్టీలు కనబడకుండుటకై కొన్ని ఫ్రేములు చిత్రమును తామే కత్తిరించి తెర నింపును. అప్పుడు నిలువు చిత్రములో సగమునకు పైగా పోవును. పెండ్లికొమార్తె పాపటబిళ్ళ మొదలు కంఠహారము వరకే మిగులును! ఈ కత్తిరింపును ఆపుటకు వీలున్నదా అని తప్పక అడుగవలెను.

మీ ఇంటి చిత్రములను ఒకసారి తిరుగవేసి చూడుడు. నిలువువి ఎక్కువైన యెడల నిలువుగ నిలబెట్టుటకు వీలైన ఫ్రేము మేలు. అడ్డమువియే ఎక్కువైనచో 4కు 3 పాళ్ళ తెర మేలు. అందు చిత్రము నిండుగా నిలుచును.

చుక్కల సంగతి త్వరగా తేలును. పది అంగుళముల తెరకు 1280 బై 800 చాలును. అదే పరిమాణమున 1024 బై 600 తెరలు కూడ చవుకగా దొరకును గాని, దగ్గరనుండి చూచునప్పుడు అక్షరములును, ముఖములును మొద్దుగా కనబడును. అంతకంటె ముఖ్యమైనది తెర జాతి. ఐ.పి.ఎస్. అను జాతి తెరను ప్రక్కనుండి చూచినను రంగులు మారవు. టి.ఎన్. అను చవుక జాతిలో, నేలపై చాపమీద కూర్చుండి తలయెత్తి చూచువారికి ముఖములు నల్లబడి కనిపించును. మన ఇండ్లలో నేలపై కూర్చుండువారు ఇంకను కలరు గదా! అంగడిలో ఫ్రేము ముందు నిలిచి చూచి తృప్తిపడక, వంగి క్రిందినుండియు, ప్రక్కనుండియు చూడవలెను. అమ్మువాడు నవ్విన నవ్వనిండు.

ఇక చిత్రములు లోనికి చేరు మార్గము. మెమరీ కార్డులోనో, పెన్‌డ్రైవులోనో ఎక్కించి ఫ్రేమునకు తగిలించుట ఒక పద్ధతి. దీనికి ఇంటర్నెట్టు వలదు, ఎవరి అనుమతియు వలదు. దూరముననున్న వారు క్రొత్త చిత్రమును పంపజాలకపోవుట దీని కొరత. వై-ఫై గల ఫ్రేము ఆ కొరతను తీర్చును. మనుమరాలు మొదటి అడుగు వేసిన దినమున సాయంకాలమునకే ఆ చిత్రము అవ్వగారి బల్లమీద కనిపించుట సామాన్యమైన ఆనందము కాదు.

అయితే వై-ఫై ఫ్రేములలో పెక్కు, చిత్రములను తయారుచేసిన సంస్థవారి కంప్యూటర్ల ద్వారా తెచ్చుకొనును. ఆ సంస్థ నియమములు మార్చిన యెడల మన ఫ్రేము తీరు మారును. సంస్థ ఆ వ్యాపారమును విడిచిన యెడల ఫ్రేము ఉత్త పటపు చట్రముగా మిగిలిపోవచ్చును. ఇది ఊహ మాత్రము కాదు. మొట్టమొదటి డిజిటల్ కెమెరాను నిర్మించిన కొడాక్ సంస్థయే 2012లో డిజిటల్ కెమెరాలతోపాటు ఫోటో ఫ్రేముల వ్యాపారమును కూడ వదలుకొనుచున్నట్లు ప్రకటించెను. గూగుల్ ఫోటోస్ నందు హద్దులేకుండ ఉచితముగా చిత్రములు దాచుకొను సౌకర్యము 2021 జూన్ 1తో ముగిసెను. కావున ఇంటర్నెట్టు లేనప్పుడు సైతము లోనున్న చిత్రములను చూపగలిగినదియు, కార్డు పెట్టుటకు చోటుగలదియు అయిన వై-ఫై ఫ్రేమునే కొనుట యుక్తమని నా అభిప్రాయము. నెలసరి చందా కట్టవలెనా యను సంగతియు ముందే తేల్చుకొనవలెను. ఊరుపేరు లేని చవుక వై-ఫై ఫ్రేములు వలదు. చిత్రములతోపాటు మన ఇంటి ఇంటర్నెట్టు తాళపుచెవిని కూడ దానికి అప్పగించుచున్నాము గదా!

మనవంటివారు, అనగా తరతరములుగా పొరుగు రాష్ట్రములలో స్థిరపడిన తెలుగువారు, మరియొక పరీక్ష చేయవలసియున్నది. మన పాత చిత్రముల వెనుక ఎవరెవరి పేర్లున్నవో తెలుగు లిపిలోనే వ్రాసియుండును. ఆ ముఖములను గుర్తించువారు ఇంటికొకరో ఇద్దరో మిగిలియున్నారు. వేరొక మాధ్యమమున చదువుకొనుచున్న పిల్లలలో కొందరు ఆ వ్రాతను చదువలేరు. ఫ్రేము కొనుటను నెపముగా పెట్టుకొని ఈ పేర్లను నిలుపుకొనవచ్చును. కొన్ని ఫ్రేములు చిత్రము క్రింద చిన్న వ్రాతను చూపును. కాని వానిలో కొన్నింటికి తెలుగు లిపి రాదు. అక్షరములకు మారుగా ఖాళీ గడులు కనబడును, లేదా వత్తులు విడిపోవును. ‘కృష్ణమూర్తి, లక్ష్మీకాంతమ్మ’ అని వ్రాసి పరీక్షించిన యెడల క్షణములో తేలిపోవును.

లిపి రాని ఫ్రేమైనను భయము లేదు. చిత్రము యొక్క ప్రతిని తీసికొని, దాని క్రింద తెల్లని పట్టీ చేర్చి, అందు ఎడమనుండి కుడికి వరుసగా పేర్లు, వరుసలు, ఊరు, సంవత్సరము తెలుగులోను, పిల్లలు చదువు లిపిలోను వ్రాసినయెడల ఆ వ్రాత చిత్రములో భాగమై ఏ ఫ్రేములోనైనను కనబడును. పెద్దవారి ప్రక్కన కూర్చుండి వారు చెప్పుచుండగా వ్రాయవలసిన పని యిది. పై తరగతుల విద్యార్థులు ఒక వేసవి సెలవులలో దీనిని పూర్తిచేయగలరు. ఫ్రేము కొనుట ఆలస్యమైనను ఈ పని ఆలస్యము కారాదు.

పాత చిత్రములను ఎక్కించునప్పుడు జాగ్రత్త వలెను. మూడు నాలుగు అంగుళముల చిత్రమును స్కానరుపై అంగుళమునకు 600 చుక్కలచొప్పున తీసిన చాలును. తేమవలన కొన్ని చిత్రములు పటపు అద్దమునకు అంటుకొనిపోయి యుండును. చిత్రముపైనున్న జిలాటిన్ పొర నీటిని పీల్చుకొని అద్దమును పట్టుకొనుటయే దీనికి కారణము. అట్టి దానిని లాగరాదు. లాగినచో ముఖము అద్దముతోపాటు ఊడివచ్చును. ప్రక్కనుండి పగటి వెలుతురు పడునట్లు పెట్టి, ఫ్లాష్ ఆర్పి, అద్దములో నీడ పడకుండ మన వెనుక నల్లగుడ్డను కట్టి, అద్దము మీదుగానే ఫోటో తీయవలెను. తీసిన ప్రతులను ఫ్రేములో మాత్రమే ఉంచక మరి రెండుచోట్ల దాచవలెను. అసలు చిత్రమును పారవేయుట మాత్రము కూడదు.

కరెంటు ఖర్చు స్వల్పము. 8 వాట్ల ఫ్రేము దినమునకు 12 గంటలు వెలిగినను నెలకు 3 యూనిట్లు కాదు. అయినను రాత్రివేళ తానై ఆరిపోవు ఏర్పాటు ఉండుట మంచిది. పడకగదిలో అర్ధరాత్రి తాతగారు వెలుగుచుండిన నిద్రపట్టదు. ఫ్రేమునకు తీగ తప్పదు కనుక, ప్లగ్గునకు దగ్గరగను, ఎండ నేరుగా పడనిచోటను, చూచువారి కన్నుల ఎత్తునను స్థానము ముందే చూచుకొనవలెను. అంగడికి పోవునప్పుడు పెన్‌డ్రైవులో నాలుగు చిత్రములు తీసికొని పొండు: నిలువుది ఒకటి, అడ్డముది ఒకటి, పాత నలుపు తెలుపుది ఒకటి, ఐఫోనుతో తీసినది ఒకటి. ఆ ఫోనులు 2017 నుండి హెచ్.ఇ.ఐ.సి. అను రూపమున చిత్రములను దాచుచున్నవి. కొన్ని ఫ్రేములు దానిని తెరవలేవు. నాలుగును సరిగా కనబడి, తెలుగు పేరు విరుగక నిలిచినయెడల దానినే కట్టించుకొని ఇంటికి తీసికొనిరావచ్చును.